ఈల మెడలో వేసుకోగానే కోచ్ కారు

కెనడాలోని విన్నిపెగ్‌లో నవంబరు నుంచి మార్చి దాకా పిల్లలున్న ఇళ్లలో రెండే కబుర్లు: ఇవాళ చలి ఎంత, రేపు మంచు రింకులో మన టైము ఎన్నింటికి. ఇక్కడి పిల్లల ఐస్ హాకీ జట్లకు జీతాల కోచ్‌లు తక్కువ. ఆ జట్టులోనే ఆడే పిల్లల తల్లో తండ్రో ఆ పని చూసుకుంటారు. పగలు లారీ తోలేవాళ్లు, బ్యాంకులో కూర్చునేవాళ్లు సాయంత్రానికి ఈల మెడలో వేసుకుని మంచు మీదికి వస్తారు. అలాంటివాళ్లకు తరగతులు చెప్పడం, తర్వాత రింకుకు వెళ్లి వాళ్ల పని చూడడం, సర్టిఫికెట్‌కు సిఫారసు చేయడమో ఇంకాస్త ఆగమనడమో చాలాకాలంగా నా వ్యాపకం. కృష్ణా జిల్లావాడికి ఈ పని ఎలా అంటుకుందని మనవాళ్లు అడుగుతుంటారు. పిల్లల వెంట రింకుకు వెళ్లాను, అక్కడే ఉండిపోయాను. ఇప్పుడు తెలుగు కుటుంబాల నుంచి కూడా కోచింగ్‌కు వస్తున్నారు కనుక నాకు తెలిసింది రాస్తున్నాను. అంకెలు వేసింది చదవడానికి వీలుగా ఉంటుందని. ఒకటోది గొప్పదనీ చివరిది చిన్నదనీ కాదు.

1. బాగా ఆడినవాళ్లకు నేర్పడం వేరే నేర్పాలి

తరగతికి వచ్చేవాళ్లలో మాజీ ఆటగాళ్లను చూస్తే మిగతావాళ్లు కొంచెం జంకుతారు. జంకక్కర్లేదు. నాలుగేళ్లకే స్కేట్లు కట్టుకున్న మనిషికి తను ఎలా నేర్చుకున్నాడో గుర్తుండదు. క్రాసోవర్ ఎలా చేయాలో చెప్పమంటే, "కాలు మీదుగా కాలు వేయడమే" అంటాడు. వంపు తిరిగేటప్పుడు బయటి కాలు లోపలి కాలిని దాటి పడుతుంది, నిజమే. కానీ కింద మిగిలిన లోపలి కాలు తన బ్లేడు బయటి అంచుతో మంచును గట్టిగా నెట్టకపోతే వేగం రాదు. ఆ తోపు లేని పిల్లలు కాళ్లు చక్కగా దాటిస్తూనే ఉంటారు, వంపు చివరికి వచ్చేసరికి నెమ్మదిస్తారు. మాజీ ఆటగాడి కాలు ఆ పని తనంతట తాను చేసేస్తుంది. అందుకే అతని నోటికి ఆ మాట రాదు.

దీనికి నేను వాడే మందు ఒకటుంది. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమచేతి వాటం స్టిక్ ఇచ్చి, పక్‌ను, అంటే బంతి బదులు వాడే బిళ్లను, తోసుకుంటూ రింకు చుట్టి రమ్మంటాను. జూనియర్ లీగుల్లో పేరు తెచ్చుకున్నవాళ్లు కూడా పక్‌ను వదిలేసి వెనక్కి వస్తుంటారు. తల దించుకుంటారు, మోకాళ్లు బిగుసుకుంటాయి, ఎవరైనా ఏదైనా అంటే చిరాకు పడతారు. ఎనిమిదేళ్ల పిల్లవాడి పరిస్థితి సరిగ్గా అదేనని అప్పుడు వేరే చెప్పక్కర్లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ముప్పై దాటాక స్కేట్లు తొడిగిన నాలాంటివాడికి మాత్రం వంగిన ప్రతి కణుపూ గుర్తుంటుంది. నేర్పడానికి అది పనికొచ్చే గుణం.

2. నోటికి గడియారం కట్టండి

చెప్పేవాడికి వినేవాడు లోకువ. కొత్త కోచ్ చేతికి తెల్లబోర్డూ మార్కరూ దొరికితే చాలు, పిల్లలను మంచు మధ్యలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలవుతుంది. ఏడేళ్ల పిల్లలు మొదటి వాక్యం వింటారు. రెండో వాక్యానికి బ్లేడు గీకిన మంచుపొడి పోగుచేసి పక్కవాడి హెల్మెట్ మీద పోస్తుంటారు.

రింకును గంటల లెక్కన అద్దెకు తీసుకుంటాం, ఆ అద్దె తక్కువేమీ కాదు. గంట ముగిసే వేళకు మంచు నునుపు చేసే జాంబోనీ బండి గేటు దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆ గంటలో ఒక్కో పిల్లవాడు ఎంతసేపు కదిలాడన్నదే నేను మొదట చూసేది. నా పద్ధతి చాలా మోటు. జట్టులో అందరికన్నా మెరుగైనవాణ్ణి గానీ వెనకబడినవాణ్ణి గానీ కాకుండా ఎవరో ఒకరిని ఎంచుకుంటాను. కాళ్లు కదిలినప్పుడు స్టాప్‌వాచ్ నడుస్తుంది, నిలబడితే ఆగుతుంది. ప్రాక్టీసు అయ్యాక కోచ్‌కు ఆ వాచీ చూపిస్తాను. పదిహేనుమందిని ఒకే వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేత గోల్ కొట్టించినవారు ఆ అంకె చూశాక నాతో వాదన పెట్టుకోరు.

అమెరికాలో హాకీ సమాఖ్య 2009లో పిల్లల అభివృద్ధికి కొత్త నమూనా తెచ్చినప్పుడు గట్టిగా పట్టుకున్నది ఈ విషయాన్నే. రింకును నాలుగైదు భాగాలు చేసి, ఒక్కోచోట ముగ్గురు నలుగురు పిల్లలకు ఒక్కో పని పెట్టి, ఈల వేయగానే మార్చడం. కెనడాలోనూ ఇప్పుడు అదే దారి. వివరించాల్సింది ఏదైనా ఉంటే దుస్తుల గదిలోనే చెప్పేయాలి. మంచు మీద అర నిమిషం మాట, ఒకసారి చేసి చూపడం, వెంటనే పని. సవరణలు పిల్లవాడి పక్కన స్కేట్ చేస్తూ, ఒక్కరికి ఒక్క మాటగా చెప్పాలి.

3. ముందు కాళ్లకేసి చూడండి

పిల్లవాడు ఆగలేకపోతున్నాడంటే లోపం పిల్లవాడిదే అనుకుంటారు. ముందు స్కేటు తీసి చూడమంటాను. బ్లేడు అడుగున సన్నని గాడి ఉంటుంది. దానికి రెండు వైపులా ఉన్న అంచులే మంచును పట్టుకునేవి. అవి మొద్దుబారితే పక్కకు ఒరిగినా పట్టు దొరకదు. మరీ లోతుగా సాన పట్టిస్తే మంచును ఎక్కువగా కొరికి, ఆగబోయినవాడు ముందుకు పడతాడు. ఇక వచ్చే ఏడాదికి కూడా వస్తాయని తల్లిదండ్రులు పెద్ద సైజు కొంటారు. లోపల పాదం ఆడుతుంటే మడమ లేస్తుంది, చీలమండ లోపలికి కూలుతుంది. లేసులు వేళ్ల దగ్గర బిగించి చీలమండ దగ్గర వదిలేయడం మరో సామాన్యమైన సంగతి.

స్టిక్ కూడా అంతే. స్కేట్లు వేసుకుని నిలబడితే గడ్డం దాకా రావాలన్నది మోటు కొలత. అంతకన్నా బాగా పొడవైతే పైచెయ్యి పొట్టకు అంటుకుపోయి పక్‌ను అటూ ఇటూ తిప్పే చోటే ఉండదు. "చేతులు వదులుగా పెట్టు" అని నెలంతా అరిచే బదులు రంపంతో రెండు అంగుళాలు కోస్తే సరిపోతుంది.

నా దగ్గరికి వచ్చే కోచ్‌లకు ఒక వరస అలవాటు చేస్తాను: సామాను, నిలబడే తీరు, బరువు ఏ అంచు మీద ఉంది, ఆ తర్వాతే చేతులు. కంటికి ముందు కనబడేది చేతుల తప్పే. కారణం చాలాసార్లు మోకాలి కింద ఉంటుంది.

4. కోన్ ఎవరి దగ్గరా పక్ లాక్కోదు

ఈ మధ్య నైపుణ్యాల కోచ్‌లకు ఒక జబ్బు పట్టుకుంది. మంచంతా రంగురంగుల కోన్లు, టైర్లు, నిచ్చెనలు. పిల్లలు వాటి మధ్య పక్‌ను పాములా తిప్పుకుంటూ వెళ్తారు. వీడియోకు చాలా బాగుంటుంది. శనివారం మ్యాచ్‌లో ఎదురుగా మనిషి రాగానే అదే పిల్లవాడు పక్ వదిలేస్తాడు. కోన్ల మధ్య తిరిగినంతసేపు అతని చూపు కిందే ఉంది. ఎటు వెళ్లాలో కోచ్ ముందే నిర్ణయించేశాడు, తాను నిర్ణయించాల్సింది ఏమీ మిగల్లేదు.

కోన్లు పారేయమనను. కొత్త కదలిక నేర్పడానికి అవి మంచివే. కొన్నిసార్లు చేశాక కోన్ స్థానంలో ఒక మనిషిని పెట్టండి. మొదట స్టిక్ తిరగేసి పట్టుకున్న మనిషి, తర్వాత మామూలుగా పట్టుకున్న మనిషి, ఆ తర్వాత మూలన చిన్న చోటులో ఇద్దరికి ఇద్దరు. పాత చిట్కా ఒకటి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది: పిల్లవాడు పక్‌తో వస్తుంటే కోచ్ చేతి వేళ్లు ఎత్తి చూపాలి, ఎన్ని వేళ్లో పిల్లవాడు అరిచి చెప్పాలి. తల దానంతట అదే లేస్తుంది. కోచ్‌ను పరీక్షించేటప్పుడు నేను అతని కాగితం మీద ఈ మెట్లు ఉన్నాయా అని వెతుకుతాను. ఒంటరి సాధన నుంచి చిన్న ఆట దాకా దారి లేని ప్రాక్టీసు పథకానికి, ఎంత అందంగా గీసినా, నా సంతకం దొరకదు.

5. చిన్నపిల్లలకు చిన్న మంచు

ఉత్తర అమెరికా రింకు పొడవు 200 అడుగులు, వెడల్పు 85. అది పెద్దవాళ్లకు కట్టింది. ఆరేళ్లవాడు దాని మీద ఒక కొస నుంచి మరో కొసకు చేరేసరికి ఆట అయిపోతుంది. 2017-18 సీజన్ నుంచి హాకీ కెనడా ఆ వయసు పిల్లలకు రింకును అడ్డంగా విభజించి ఆడించడం తప్పనిసరి చేసింది. పక్ బరువు కూడా తగ్గించారు. మామూలు నల్ల పక్ ఆరు ఔన్సులుంటే పిల్లల నీలం పక్ నాలుగు ఔన్సులు.

సంబరపడ్డవారికన్నా మండిపడ్డవారే ఎక్కువ. "ఇది అసలు హాకీయే కాదు, మా చిన్నప్పుడు మేం పూర్తి మంచు మీదే ఆడాం" అని తాతలు కూడా వచ్చి అరిచారు. అందుకే కోచ్‌ల తరగతిలో తల్లిదండ్రులతో మాట్లాడడం కూడా ఒక పాఠంగా పెట్టుకోవాలి. సీజన్ మొదట్లోనే కూర్చోబెట్టి చెప్పాలి, మూడో మ్యాచ్ అయ్యాక కారు పార్కింగులో కాదు.

6. నేర్పు ఎవరి దగ్గరుంటే వారి దగ్గరికి వెళ్లాలి

ఇది కొంచెం పెద్ద కథ. టొరంటోలో లాయిడ్ పెర్సివల్ అనే శిక్షకుడు 1951లో హాకీ సాధన గురించి ఒక పుస్తకం రాశాడు. ఆటను ముక్కలు చేసి, ఏ కదలిక ఎలా నేర్పాలో శాస్త్రీయంగా చెప్పిన పుస్తకం. సొంత దేశంలో వృత్తి హాకీవాళ్లు దాన్ని పెద్దగా లెక్కచేయలేదు. మాస్కోలో అనతోలీ తరాసోవ్ శ్రద్ధగా చదివాడు. సోవియట్ హాకీకి పితామహుడిగా చెప్పుకునేది ఆయననే. 1972 సెప్టెంబరు 2న మాంట్రియాల్‌లో కెనడా మేటి ఆటగాళ్లూ సోవియట్ జట్టూ మొదటిసారి తలపడినప్పుడు, ఏకపక్షంగా గెలుస్తామనుకున్న కెనడా 3-7తో ఓడింది. ఎనిమిది మ్యాచ్‌ల ఆ పోటీని చివరికి నాలుగు గెలిచి, మూడు ఓడి, ఒకటి సమం చేసి దక్కించుకున్నారు గానీ, ఆ మొదటి రాత్రి దెబ్బ మాత్రం ఈ దేశం మరిచిపోలేదు.

మంచు మీద పరుగు నేర్పడంలోనూ ఇలాంటిదే జరిగింది. అంచుల మీద అదుపు ఎవరికి బాగా తెలుసు? ఫిగర్ స్కేటర్లకు. లారా స్టామ్ 1970లలోనే హాకీ ఆటగాళ్లకు పవర్ స్కేటింగ్ నేర్పింది. పాల్ మార్టినీతో కలిసి 1984లో జంటల ప్రపంచ చాంపియన్ అయిన బార్బరా అండర్‌హిల్, ఆ తర్వాత వృత్తి హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్ జట్లకు స్కేటింగ్ కోచ్ అయింది. 2016లో డాన్ బ్రెయిడ్‌ను అరిజోనా కయోటీస్ తీసుకున్నప్పుడు ఎన్‌హెచ్‌ఎల్‌లో పూర్తికాలపు కోచ్ అయిన మొదటి మహిళ ఆమె. పిల్లల రింకుల్లో మాత్రం ఇప్పటికీ ఒక ఫిగర్ స్కేటింగ్ అమ్మాయి హాకీ కోచ్‌ల తరగతికి వస్తే వెనక బెంచీలో గుసగుసలు వినిపిస్తాయి. అలాంటప్పుడు నేనేమీ మాట్లాడను. వెనక్కి స్కేట్ చేస్తూ తిరగడం ఎలాగో చేసి చూపమని ఆమెనే ముందుకు పిలుస్తాను.

7. తరగతికి వచ్చినవారు వేరు, సర్టిఫికెట్ పొందినవారు వేరు

కెనడాలో అన్ని ఆటల కోచ్‌లకూ కలిపి జాతీయ సర్టిఫికెట్ పథకం 1974లో మొదలైంది. హాకీ అందులో భాగం. చిన్నపిల్లల జట్టుకు ఒక స్థాయి, పోటీ జట్లకు మరో స్థాయి, స్కేటింగ్, గోల్‌కీపింగ్ లాంటి ప్రత్యేక నైపుణ్యాలకు విడి తరగతులు. అమెరికాలో అయిదు మెట్లు, వాటికి తోడు పిల్లల వయసును బట్టి ఆన్‌లైన్ పాఠాలు.

కెనడాలో పోటీ జట్ల కోచ్‌కు తరగతి పూర్తయితే దక్కేది శిక్షణ పొందిన హోదా మాత్రమే. ఆ తర్వాత ఇంటిపని రాసివ్వాలి, నైతిక నిర్ణయాల మీద పరీక్ష రాయాలి, చివరికి ఎవరో ఒకరు రింకుకు వచ్చి ఆయన ప్రాక్టీసు నడిపే తీరు చూడాలి. అప్పుడే సర్టిఫికెట్. దాన్ని కూడా నిలుపుకోవాలంటే కొత్త శిక్షణ పొందుతూ ఉండాలి. చాలామంది తరగతి దగ్గరే ఆగిపోతారు. వాళ్లది బద్ధకమని నేననను. తెల్లవారుజామున ఆరింటికి, బయట మైనస్ ముప్పై ఉన్నప్పుడు, ఎవరి ప్రాక్టీసో చూడడానికి లేచివచ్చే పరీక్షకులు ఎంతమంది దొరుకుతారు? తరగతులు పెంచడం సులువు, ఒక హాలూ ఒక తెరా ఉంటే చాలు. పరీక్షకులను పెంచడానికి డబ్బూ ఓపికా కావాలి. నా దృష్టిలో ఈ వ్యవస్థలో పెద్ద లోటు అదే.

పరీక్షకుడిగా వెళ్లేవారికి రెండు మాటలు. ఆటలోకి దిగకముందు కోచ్‌ను అడగండి: ప్రమాదం జరిగితే అంబులెన్స్ ఏ తలుపు నుంచి వస్తుంది, ఆ తలుపు తాళం ఎవరి దగ్గరుంది, ఫోను చేసేది ఎవరు? అత్యవసర పథకం అంటూ కాగితం అందరి సంచిలోనూ ఉంటుంది. తాళం సంగతి తెలిసినవారు తక్కువ. ఇక ప్రాక్టీసు అయ్యాక మీ అభిప్రాయం మొదట చెప్పకండి. "ఎలా జరిగిందనుకుంటున్నారు?" అని అడిగి ఊరుకోండి. తన ప్రాక్టీసులో ఏం తేడా వచ్చిందో తనే చెప్పగలిగిన కోచ్‌కు, ఆ రోజు సగం పనులు కుదరకపోయినా, నేను సిఫారసు చేస్తాను. అంతా సవ్యంగా జరిగి, ఎందుకు జరిగిందో చెప్పలేనివారిని మళ్లీ చూస్తానంటాను.

8. ప్రైవేటు కోచ్‌ను అడగాల్సిన ప్రశ్నలు

స్థానిక హాకీ సంఘం జట్టుకు కోచ్ కావాలంటే పోలీసు తనిఖీ, తరగతులు, సర్టిఫికెట్ ఇన్ని ఉంటాయి. సొంతంగా మంచు అద్దెకు తీసుకుని "స్కిల్స్ కోచ్" అని బోర్డు పెట్టుకునేవారిని మాత్రం ఆపేవారుండరు. వీళ్లలో గొప్ప నేర్పరులున్నారు. ఫోన్లో వీడియోలు పెట్టడం తప్ప ఏమీ తెలియనివారూ ఉన్నారు. లెక్కల ట్యూషన్‌కు పంపాలంటే టీచరు ఏం చదివారో, ఎవరి పిల్లలకు ఎన్ని మార్కులొచ్చాయో నాలుగిళ్లలో వాకబు చేసే మన తల్లిదండ్రులు, ఇక్కడ మాత్రం వీడియో చూసి డబ్బు కట్టేస్తారు.

నైపుణ్యం ఒకటే కాదు, పిల్లల భద్రత కూడా ఇందులో ఉంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన షెల్డన్ కెనడీ, జూనియర్ రోజుల్లో తన కోచ్ తనపై చేసిన లైంగిక దౌర్జన్యాన్ని బయటపెట్టాడు. ఆ కోచ్‌కు 1997లో శిక్ష పడింది. మరుసటి ఏడు కెనడీ ఈ కొస నుంచి ఆ కొసకు దేశమంతా ఇన్‌లైన్ స్కేట్ల మీద తిరిగి ఈ విషయం గురించి మాట్లాడాడు. 2004లో వేన్ మెక్‌నీల్‌తో కలిసి కెనడీ మొదలుపెట్టిన సంస్థ పాఠాలే ఇవాళ ఇక్కడ హాకీ కోచ్‌లు పూర్తిచేసేవి. కెనడీ నోరు విప్పేదాకా కోచ్ మాటే వేదం, తలుపు వేసి ఉన్నా అడిగేవారు లేరు. ఇప్పుడు పిల్లవాడితో ఒక పెద్దమనిషి ఒంటరిగా ఉండకూడదు, ఇద్దరు తగిన పెద్దలు కనబడేంత దూరంలో ఉండాలి అన్నది కోచ్‌లందరికీ చెప్పే సూత్రం.

కాబట్టి ప్రైవేటు పాఠానికి పంపేముందు మొహమాటం లేకుండా అడగండి. పోలీసు తనిఖీ కాగితం ఎప్పటిది? ఏ స్థాయి సర్టిఫికెట్ ఉంది? బీమా ఉందా? మేం కూర్చుని చూడొచ్చా? చివరి ప్రశ్నకు కాదని జవాబొస్తే ఇంటికి వచ్చేయండి.

9. ఢీకొట్టడం కూడా నేర్పాల్సిన విద్యే

శరీరంతో అడ్డుకోవడాన్ని ఏ వయసు నుంచి అనుమతించాలన్నది ఇక్కడ పాత తగాదా. 2010లో కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పదకొండు పన్నెండేళ్ల పిల్లలను పోల్చి చూశారు. అనుమతి ఉన్న ఆల్బెర్టాలో మ్యాచ్ గాయాల ముప్పు, అనుమతి లేని క్విబెక్‌లో కన్నా మూడు రెట్లకు పైగా ఉందని తేలింది. 2011-12 సీజన్ నుంచి అమెరికా, 2013-14 నుంచి కెనడా ఆ వయసులో దాన్ని ఆపేశాయి. కొందరు కోచ్‌లు దీన్ని, ఆ వయసు దాకా ఏమీ నేర్పక్కర్లేదని అర్థం చేసుకున్నారు. అసలు క్రమం నాలుగు మెట్లు: సరైన చోటు పట్టి ఎదుటివారిని పక్కకు మళ్లించడం, స్టిక్‌తో పక్ తీయడం, శరీరం తాకినా నిలబడడం, చివరికి శరీరంతో అడ్డుకోవడం. మొదటి మూడు ముందే రాకపోతే నాలుగోది వచ్చిన రోజున పిల్లలు గోడకు వీపు పెట్టి కాక, ముఖం పెట్టి నిలబడతారు.

10. గోలీని మరవకండి

ప్రాక్టీసంతా గోలీ అంటే పక్‌లు వచ్చి తగిలే వస్తువు. అతని కదలికల కోసం ఒక్క మూల కేటాయించని పథకాలు కట్టలకొద్దీ చూశాను. ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు, మూల కేటాయించండి.

11. లదాఖ్ సంగతీ, మన సంగతీ

భారతదేశంలో ఐస్ హాకీ ఉందా అని ఇక్కడివాళ్లు అడిగితే లదాఖ్ గురించి చెబుతాను. అక్కడివాళ్లు చలికాలంలో గడ్డకట్టే చెరువుల మీదా, ఖాళీ నేల మీద నీళ్లు పోసి తయారుచేసిన రింకుల మీదా ఆట నేర్చినవాళ్లు. నాలుగు ఒలింపిక్ స్వర్ణాల హేలీ వికెన్‌హైజర్ 2018 జనవరిలో అక్కడికి వెళ్లి పిల్లలకు నేర్పింది. 2025లో అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఆసియా కప్‌లో భారత జట్టు కాంస్యం తెచ్చుకుంది. అలాంటి చోట కోచ్‌లను తయారుచేయాలంటే మా విన్నిపెగ్ పుస్తకాన్ని యథాతథంగా పంపితే కుదరదు. మంచు ఉండేదే కొద్ది వారాలు. ఏడాదిలో మిగతా కాలమంతా చక్రాల స్కేట్ల మీదా, నేల మీదా చేసే సాధనకు అక్కడి కోచ్‌కు ఎక్కువ శిక్షణ కావాలి. ఇన్‌లైన్ స్కేట్ల మీద తోపు, మోకాలి వంపు చాలావరకు మంచుకు పనికొస్తాయి. పక్కకు ఒరిగి ఆగడం మాత్రం మంచు మీదే నేర్చుకోవాలి. హైదరాబాదులో, విశాఖలో చక్రాల స్కేటింగ్ నేర్చుకుని ఇక్కడికి వచ్చిన పిల్లలు ఎక్కడ తడబడతారో కోచ్‌కు ఇంతకన్నా సూచన అక్కర్లేదు.

ఇక మన తల్లులూ తండ్రులూ. "మాకు ఆట రాదండీ, మేమెలా కోచ్ అవుతాం" అని వెనకాడుతుంటారు. చిన్నపిల్లల స్థాయి తరగతికి రావడానికి ఆడిన అనుభవం అడగరు, స్కేట్ల మీద నిలబడి నడవగలిగితే సహాయ కోచ్‌గా మొదలుపెట్టొచ్చు. చాలా సంఘాలు తరగతి రుసుము వెనక్కి ఇస్తాయి, రసీదు దాచుకోండి. పోలీసు తనిఖీకి వేలిముద్రలు అడిగితే వారాలు పట్టొచ్చు. శరదృతువు తరగతులు త్వరగా నిండిపోతాయి కనుక ఆ తనిఖీ దరఖాస్తు వేసవిలోనే పెట్టండి, పేరు ఆగస్టులోనే రాయించుకోండి.